నెకార్ ఒడ్డున ఏడు రోజులు

‘సెలవు’ అనే చిన్న మాటకు మన తెలుగులో ఎన్ని అర్థాలో! అనుమతికి సెలవని పేరు. పెద్దలు మాట్లాడితే ‘సెలవిచ్చారు’ అంటాము. వెళ్ళివస్తామని చెప్పడాన్ని ‘సెలవు తీసుకోవడం’ అంటాము. పాత లెక్కల్లో ఖర్చును కూడా సెలవనే రాసేవారు. ఇక మనబోటి ఉద్యోగులకు సెలవంటే సర్వీసు పుస్తకంలో ఏటేటా పెరుగుతూ పోయే ఒక అంకె. ఆ అంకె 300కు చేరితే అక్కడ ఆగిపోతుంది. మనలో చాలామంది ఆ అంకెను చూసి గర్వపడతాము. నేనూ గర్వపడినవాడినే.

పదవీ విరమణ చేసిన నెలలో ఆ 300 రోజుల ఆర్జిత సెలవుకు ప్రతిగా వచ్చిన సొమ్ము బ్యాంకులో జమ అయింది. ఆ సాయంత్రం పాసుపుస్తకం మా శ్రీమతి చేతికిచ్చి, ముప్పై నాలుగేళ్ళ కష్టార్జితం ఇది అన్నాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని అంకె చూసి, “ఏమండీ, ఇందులో సగం నాది” అన్నది. అదెలాగని అడిగాను. “ఈ మూడువందల రోజులూ మీరు ఇంట్లో ఉండవలసినవి. మీరు అమ్ముకున్నది మీ ఒక్కరి సెలవు కాదు” అన్నది. నా దగ్గర సమాధానం లేదు. మొదటి రాయి అలా పడింది. రెండో రాయి సంగతి తరువాత చెబుతాను.

ఆ సగం సొమ్ముతో ఎక్కడికైనా వెళ్ళాలని ఆవిడ పట్టుబట్టింది. షరతు ఒక్కటే. పదిహేను రోజుల్లో పది దేశాలు చూపించే యాత్ర వద్దు. తెల్లవారుజామునే లేపి బస్సెక్కించే ప్రయాణం వద్దు. ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఒక నది, ఏడు రోజులు. ఆ ఊరు ఏదన్నప్పుడు నా నోట అప్రయత్నంగా వచ్చిన పేరు హైడెల్‌బర్గ్.

దానికి కారణం ఉన్నది. మన పత్రిక ప్రూఫులు దిద్దడానికి వెనుకటి రోజుల్లో ప్రెస్సుకు వెళ్ళినప్పుడల్లా, టకటకమని కాగితాలను మింగి కక్కే ఆ నల్లని ముద్రణ యంత్రం మీద పోత అక్షరాలలో కనిపించిన పేరది. తెలుగునాట ముద్రణాలయాలలో పనిచేసినవారికి హైడెల్‌బర్గ్ అంటే ఊరు కాదు, యంత్రం. ఆ యంత్రాలు చేసే సంస్థ 1850లో మరో పట్టణంలో పుట్టి, 1896లో హైడెల్‌బర్గ్‌కు తరలివచ్చింది. యంత్రం మీద చదివిన పేరుగల ఊరు చూడాలని ఏనాటినుంచో నాకొక కోరిక. ఆ కోరికకు ముహూర్తం గత సెప్టెంబరులో కుదిరింది.

ఊరి స్వరూపం

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, నెకార్ నది కొండలలో నుంచి బయటపడి రైన్ మైదానంలో అడుగుపెట్టే చోట ఉన్నది హైడెల్‌బర్గ్. జనాభా లక్షన్నరకు పైమాట. నెకార్ పెద్ద నది కాదు. దాని మొత్తం పొడవు 362 కిలోమీటర్లు. గోదావరిని చూసిన కంటికి అది కాలువలాగే తోస్తుంది. అయితే దాని తీరు వేరు. 1921లో పనులు ప్రారంభించి 1968 నాటికి 27 లాకులు కట్టి, 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం సరకు పడవలు నడిచేటట్లు చేశారు. నది అంచెలంచెలుగా ఆగుతూ నడుస్తుంది. పడవ వచ్చి లాకులో నిలబడుతుంది, తలుపులు మూసుకుంటాయి, నీరు నెమ్మదిగా లేస్తుంది, పడవ పైమెట్టుకు చేరుతుంది. ధవళేశ్వరం లాకుల దగ్గర బాల్యం గడిపిన మా శ్రీమతి మొదటిరోజే గంటసేపు అక్కడ నిలబడి, తన ఊరికి వచ్చినట్లు సంబరపడింది.

నదికి దక్షిణపు ఒడ్డున పాత పట్టణం. దానిపైన కొండవాలులో ఎర్ర ఇసుకరాతి కోట. ఆ వెనుక 568 మీటర్ల ఎత్తున రాజపీఠమనే పేరుగల కొండ శిఖరం. ఉత్తరపు ఒడ్డున నోయెన్‌హైమ్ అనే పేట. ఆ పేటలోనే ఒక పాత ఇంటి పై అంతస్తులో రెండు గదుల వాటా వారానికి అద్దెకు తీసుకున్నాము. వంటగది ఉన్నది కాబట్టి భోజనానికి చింత లేదు. ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన విశ్రాంత ఉపాధ్యాయిని. పాఠశాలలో ఇంగ్లీషు బోధించినావిడ కావడం మా అదృష్టం. తాళాలతో పాటు ఒక కాగితం కూడా చేతికిచ్చింది. కాగితాలు ఏ డబ్బాలో, గాజు ఏ డబ్బాలో, కూరగాయల తొక్కలు ఏ డబ్బాలో వేయాలో, రాత్రి పది దాటాక శబ్దం చేయరాదనీ, ఆదివారం రోజంతా చేయరాదనీ అందులో ఉన్నది. మన సంస్థ భద్రతా నియమావళి చదివి చదివి అలవాటైనవాడిని కనుక శ్రద్ధగా చదివి సంతకం పెట్టబోయాను. సంతకం అక్కరలేదని ఆవిడ నవ్వింది.

శిథిలంగానే నిలిచిన కోట

రెండవనాడు కోటకు వెళ్ళాము. పట్టణం నుంచి తాళ్ళతో లాగే రైలుబండి కొండమీదికి తీసుకుపోతుంది. ఇంకా పైకి, శిఖరం దాకా వెళ్ళేది 1907 నాటి కొయ్య పెట్టెల బండి. ఇప్పటికీ చక్కగా నడుస్తున్నది.

ఈ కోట పలటీనేటు ప్రభువుల నివాసం. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ సైన్యాలు 1689లో ఒకసారి, 1693లో మరోసారి దీనిని ధ్వంసం చేశాయి. మందుగుండు నిలవచేసే బురుజును పేల్చినప్పుడు దాని గోడ నిలువునా చీలి, ఒక సగం అలాగే ముక్క కాకుండా కందకంలోకి జారిపడింది. మూడువందల ఏళ్ళు దాటినా అది పడినచోటనే పడి ఉన్నది. ప్రభువులు 1720లో రాజధానిని మన్‌హైమ్‌కు మార్చుకున్నారు. తరువాత కొంత బాగుచేయించారు గాని 1764లో పిడుగుపడి మళ్ళీ తగలబడింది. అక్కడినుంచి ఊరివారు ఇళ్ళు కట్టుకోవడానికి కోట రాళ్ళు మోసుకుపోవడం మొదలుపెట్టారు. దానిని ఆపడానికి నడుం కట్టినవాడు షార్ల్ ద గ్రెంబెర్గ్ అనే ఫ్రెంచివాడు కావడం చరిత్రలోని ఒక చమత్కారం. ఏ దేశపు సైనికులు కూల్చారో ఆ దేశం నుంచే వచ్చిన ఆయన పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్ళలో ఇక్కడ స్థిరపడి, కోటకు కావలి కాసి, దాని చిత్రాలను లోకానికి పరిచయం చేశాడు.

నేలమాళిగలో 1751 నాటి ఒక ద్రాక్షాసవపు పీపా ఉన్నది. సుమారు 2 లక్షల 20 వేల లీటర్లు పట్టే ఆ పీపా చెక్కకు 130 ఓక్ చెట్లు కొట్టారట. దానిమీద నృత్యం చేయడానికి ఒక వేదిక కూడా ఉన్నది. పన్నుగా వచ్చిన ద్రాక్షాసవాన్నంతా రైతుల దగ్గరనుంచి తెచ్చి ఒకచోటనే పోసేవారన్నమాట. “మంచిదీ పుల్లనిదీ కలిసి ఏమి రుచి ఉంటుందండీ?” అని మా శ్రీమతి సందేహం. పన్ను వసూలు చేసేవారు రుచి ఎన్నడు చూశారని నా జవాబు.

అయితే నా మనసులో నిలిచిపోయినది పీపా కాదు. కోట ముంగిట నిలబడితే రెండు మేడలు కనిపిస్తాయి. ఒకటి ఫ్రీడ్రిక్ మేడ. 1900 ప్రాంతంలో దానిని కొత్తదానిలాగ తీర్చిదిద్దారు. రెండవది ఓట్‌హైన్రిక్ మేడ. విగ్రహాలతో నిండిన ముఖభాగం మాత్రమే నిలిచి, కిటికీలలో నుంచి ఆకాశం కనిపిస్తుంది. దీనిని కూడా పూర్తిగా పునర్నిర్మించాలని ఆనాడు గట్టి ప్రయత్నం జరిగింది. ఆ సందర్భంలో గెయోర్గ్ డెహియో అనే కళాచరిత్రకారుడు 1901లో తీవ్రంగా ఎదురు నిలిచాడు. ఉన్నదానిని కాపాడండి, పోయినదానిని మళ్ళీ కల్పించకండి అన్నది ఆయన వాదన సారాంశం. పోయిన శిల్పి చేయి తిరిగి రాదు, మనం కట్టేది అతనిది కాదు, మనది అవుతుంది. చివరకు ఆ మాటే నెగ్గింది. పురాతన కట్టడాల సంరక్షణలో ఆ వివాదం ఒక మలుపని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఓట్‌హైన్రిక్ మేడ ఎదుట బల్లమీద కూర్చుని ఉండగా నాకు నా మూడువందల రోజులు గుర్తుకువచ్చాయి. వాటిని తిరిగి కట్టగల మేస్త్రీ ఎవరున్నారు?

వంతెన, కొండబాట, మన గుంటూరు

నది మీది పాత వంతెన కార్ల్ థియోడోర్ ప్రభువు హయాములో 1788లో పూర్తయినది. అంతకుముందున్న వంతెనను 1784 నాటి మంచుగడ్డల వరద కొట్టుకుపోయింది. ఆ వరదల ఎత్తును సంవత్సరాలతో సహా వంతెన దగ్గర రాతిమీద చెక్కి ఉంచారు. 1945 మార్చి నెలాఖరులో వెనుకకు మళ్ళుతున్న జర్మన్ సైన్యమే ఈ వంతెన కమానులను కొన్నిటిని పేల్చివేసింది. యుద్ధంలో బాంబుల బారిన పెద్దగా పడని ఊరికి సొంత సైన్యం చేతిలో జరిగిన నష్టమది. 1947 నాటికి దానిని మళ్ళీ నిలబెట్టారు. కోట విషయంలో వద్దనుకున్న పునర్నిర్మాణం వంతెన విషయంలో తప్పదనుకున్నారు. మనిషి నడిచే దారి తెగితే కట్టుకోక తప్పదు కదా!

వంతెన తలుపు పక్కన 1979లో పెట్టిన కంచు కోతిబొమ్మ ఒకటి ఉన్నది. దాని చేతిలోని అద్దాన్ని తాకితే ధనం, చాచిన వేళ్ళను తాకితే ఈ ఊరికి పునర్దర్శనం, పక్కనున్న ఎలుకపిల్లలను తాకితే సంతానం అని నమ్మకం. మా శ్రీమతి అద్దం జోలికి పోలేదు. వేళ్ళను మాత్రం రెండుసార్లు తాకింది.

వంతెన దాటి ఉత్తరపు ఒడ్డుకు వస్తే, రెండు గోడల మధ్య వంకరలు తిరుగుతూ కొండమీదికి మెట్లదారి ఒకటున్నది. పాముదారి అని దాని పేరు. మోకాళ్ళు ఒప్పుకోవు గనుక పదిమెట్లకొకసారి ఆగుతూ ఎక్కాము. పైన తత్త్వవేత్తల బాట. ఎండ తగిలే వాలు కావడం వలన అక్కడ బాదం, అంజూరం వంటి వెచ్చని సీమల చెట్లు కూడా బతుకుతాయి. అక్కడినుంచి చూస్తే నది, వంతెన, పాత పట్టణం, దానిపైన కోట అన్నీ ఒకే పటంలో అమర్చినట్లు కనిపిస్తాయి.

ఈ ఊరి విశ్వవిద్యాలయం 1386లో స్థాపితమైనది. నేటి జర్మనీలో దానికన్న పాతది లేదు. మన పిల్లలు ప్రయోగశాలలో వాడిన బున్‌సెన్ బర్నరు ఇక్కడి రసాయనశాస్త్ర ఆచార్యుడైన బున్‌సెన్ పేరుతోనే వచ్చింది. ఆయనా, భౌతికశాస్త్ర ఆచార్యుడు కిర్క్‌హోఫ్ కలిసి, 1859–60లలో మంట వెలుగును పట్టకంతో విడదీసి చూసి, ఏ మూలకం ఏ గీతను చూపుతుందో నిర్ణయించే విధానాన్ని కనిపెట్టారు. 1860లో సీసియం, 1861లో రుబీడియం ఆ విధంగానే బయటపడ్డాయి. దూరాన మన్‌హైమ్‌లో అగ్నిప్రమాదం జరిగితే ఆ మంటను ఇక్కడినుంచే పట్టకంతో పరిశీలించి అందులో ఏయే మూలకాలున్నాయో చెప్పారనీ, అంతదూరపు మంటను చదవగలిగితే సూర్యుని మంటను ఎందుకు చదవరాదని ఈ బాటమీద నడుస్తూ అనుకున్నారనీ ఒక కథ.

ఆ ఆలోచన ఎంతదూరం ప్రయాణించిందో తెలిస్తే తెలుగువారికి ఆశ్చర్యం కలగక మానదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దానిని చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో మకాం చేశాడు. ఈ వర్ణపట విధానంతోనే సూర్యుని అంచున లేచే జ్వాలలను పరిశీలించాడు. గ్రహణం విడిచిన తరువాత కూడా వాటిని చూడవచ్చునని గుంటూరులోనే తేల్చాడు. ఆ సంవత్సరపు పరిశీలనల నుంచే హీలియం అనే మూలకం ఉనికి బయటపడింది. భూమిమీద అది దొరికినది 1895లో. నెకార్ ఒడ్డున నడకలో పుట్టిన ఊహ తొమ్మిదేళ్ళకు గుంటూరు ఎండలో పండిందన్నమాట. ఆచార్యులు ఆ సాయంత్రాలు నడకకు వెళ్ళక, ఫైళ్ళ ముందే కూర్చుని ఉంటే ఏమయ్యేదో!

మన ఉపఖండంతో ఈ ఊరికి ఇంకొక బంధుత్వం ఉన్నది. ‘సారే జహాఁ సే అచ్ఛా’ రచించిన మహాకవి ఇక్బాల్ 1907లో ఇక్కడ ఉండి జర్మన్ భాష అభ్యసించాడు. నెకార్ ఒడ్డున ఒక సాయంకాలపు నిశ్శబ్దం మీద ఆయన ఉర్దూలో ఒక చిన్న కవిత రాశాడు. ఆయన నివసించిన ఇల్లు నోయెన్‌హైమ్‌లోనే, నదికి ఎదురుగా ఉన్నది. అవతలి ఒడ్డున ఒక రహదారికి ఆయన పేరు పెట్టారు. 1962లో ఏర్పడిన దక్షిణాసియా అధ్యయన సంస్థ ఈ విశ్వవిద్యాలయంలో నేటికీ పనిచేస్తున్నది.

వీధులు చెప్పే కథలు

పాత పట్టణపు ప్రధాన వీధి ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా నడకదారులకే ప్రత్యేకం. ఆ వీధిలో 1592 నాటి ఒక మేడ, 1693 మంటలను తట్టుకుని నిలిచి, ఇప్పుడు హోటలుగా ఉన్నది. దాని ఎదుట పవిత్రాత్మ దేవాలయం. కాథలిక్కులూ ప్రొటెస్టంటులూ పడక, 1706లో గుడి నడుమ అడ్డగోడ కట్టుకుని చెరొకవైపు ప్రార్థనలు చేసుకున్నారట. ఆ గోడ చివరిసారిగా తొలగినది 1936లో. ఉమ్మడి ఇంట్లో అన్నదమ్ములు హాలు మధ్య గోడ లేపిన కథలు మనకు కొత్త కాదు కాబట్టి ఎవరినీ తప్పు పట్టాలనిపించలేదు.

విశ్వవిద్యాలయపు విద్యార్థి కారాగారం చూసి మాత్రం కడుపారా నవ్వుకున్నాము. 1778 నుంచి 1914 వరకు, రాత్రివేళ అల్లరి చేసిన, వీధిదీపాలు ఆర్పిన విద్యార్థులను విశ్వవిద్యాలయమే ఇక్కడ బంధించేది. పాఠాల వేళకు విడిచిపెట్టి, తిరిగి లోపల వేసేవారు. రానురాను అందులో ఒకసారైనా ఉండిరావడం గౌరవచిహ్నమయింది. గోడలనిండా, కప్పునిండా కొవ్వొత్తి మసితో, రంగులతో వారు గీసుకున్న తమ బొమ్మలే. పాఠాలకు మాత్రం సెలవు ఇవ్వని జైలు!

అదే ఊరిలో నవ్వు ఆగిపోయే చోటు కూడా ఉన్నది. 1938 నవంబరులో తగలబెట్టిన యూదుల ప్రార్థనాలయం స్థలం ఇప్పుడు ఖాళీ చౌకు. గోడలు ఉన్నచోట నేలమీద తెల్లరాళ్ళు పరిచి గుర్తు పెట్టారు. 1940 అక్టోబరు 22న ఈ ప్రాంతపు యూదులను రైళ్ళలో ఫ్రాన్సులోని గూర్స్ శిబిరానికి పంపివేశారు. కొన్ని ఇళ్ళ ముందు కాలిబాటలో, ఆ ఇంట నివసించినవారి పేర్లతో అరచేయంత ఇత్తడి పలకలు ఉన్నాయి. వాటిని చదవాలంటే తల వంచక తప్పదు. విద్యకు పేరుపొందిన ఊరికి కూడా ఆ పాపం అంటింది. దాచిపెట్టక నేలమీద రాసుకోవడం వారి గొప్పతనమే.

ఆదివారం నాటి కుక్కరు

అయిదవ రోజు ఆదివారం. శనివారం సాయంత్రమే సరకులు తెచ్చుకోవలసిందని మాకు తోచలేదు. ఉదయం పాల కోసం సంచి పట్టుకుని బయలుదేరితే వీధిలో దుకాణమన్నది ఒక్కటి తెరిచి లేదు. జర్మనీలో ఆదివారపు విశ్రాంతికి రాజ్యాంగపు రక్షణ ఉన్నది. 1919 నాటి రాజ్యాంగంలోని ఆ అధికరణాన్ని 1949 నాటి మూలశాసనంలోనూ అలాగే నిలుపుకున్నారు. రైల్వే స్టేషనులో కొన్ని దుకాణాలు తెరిచి ఉంటాయని తరువాత తెలిసింది.

ఖాళీ సంచితో తిరిగివచ్చాను. మా శ్రీమతి ఉన్న పప్పూ బియ్యం కడిగి, ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న కుక్కరు పొయ్యిమీద పెట్టింది. ఆ నిశ్శబ్దంలో అది వేసిన మొదటి కూత పేట అంతా వినిపించి ఉంటుంది. రెండో కూతకు తలుపు తట్టిన చప్పుడు. యజమానురాలు గాభరాగా నిలబడి ఉన్నది. పేలుతుందేమోనని ఆవిడ భయం. కుక్కరు చూపించి, సంగతి వివరించి, ఆదివారపు నియమం తప్పినందుకు క్షమాపణ చెప్పుకున్నాము. ఆవిడ నవ్వి, కిందికి వెళ్ళి ఒక సీసా పాలు తెచ్చి ఇచ్చింది. ఆ మధ్యాహ్నం ముగ్గురమూ కలిసి మా గదిలోనే పప్పన్నం తిన్నాము. ఆవకాయ ముక్కను మాత్రం ఆవిడ గౌరవంగా కంచం చివరకు జరిపింది.

మాటల్లో నా ఉద్యోగం సంగతి వచ్చింది. 300 రోజుల సెలవు దాచి, అమ్మి, ఆ సొమ్ముతో వచ్చామని చెప్పాను, కొంత గర్వంగానే. ఆవిడకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నది. తరువాత నెమ్మదిగా అన్నది: “మా దగ్గర ఉద్యోగంలో ఉండగా చట్టప్రకారం ఇచ్చే సెలవును అమ్మడం కుదరదు. ఉద్యోగం ముగిసినప్పుడు, వాడుకోలేక మిగిలినదానికి మాత్రమే డబ్బు ఇస్తారు. సెలవు ఉన్నది మనిషి బాగుపడడానికి కదా!”

ఆ రాత్రి ఆ చట్టం గురించి తెలుసుకున్నాను. 1963 నాటి జర్మనీ సెలవుల చట్టం ప్రకారం, వారానికి ఆరు పనిదినాల లెక్కన ప్రతి ఉద్యోగికీ ఏడాదికి కనీసం 24 రోజులు, అంటే నాలుగు వారాలు, జీతంతో కూడిన సెలవు ఉండాలి. దానిని ముక్కలు చేయకుండా ఇవ్వాలి. తప్పనిసరై విడగొట్టవలసివస్తే ఒక విడతైనా వరుసగా 12 పనిదినాలుండాలి. సెలవులో ఉండగా జబ్బుచేస్తే, వైద్యుని పత్రం చూపితే, ఆ రోజులు సెలవు కింద లెక్కకు రావు. అన్నిటికన్న విచిత్రం, సెలవులో ఉన్నవాడు విశ్రాంతికి విరుద్ధమైన సంపాదన పనులు చేయరాదు. మన దేశంలోనూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై పనిదినాలకు ఒకరోజు చొప్పున సెలవు నిర్దేశించింది. చట్టం చేసినవారు మన క్షేమం తలచినవారే. దానిని అంకెగా మార్చుకున్నది మనము.

ఇంకొక మాట కూడా ఆవిడ చెప్పింది. సెలవును వారు ‘ఉర్లౌబ్’ అంటారు. దాని పాత అర్థం అనుమతి. ప్రభువు కొలువు విడిచి వెళ్ళడానికి అడిగే అనుమతికీ, వీడ్కోలుకూ అదే మాట వాడేవారట. మన ‘సెలవు’ కూడా అంతే కదా! రెండు దూరదేశాల భాషలు ఒకే దారిన నడిచాయి. కొలువులో ఉన్న మనిషి బాధ ఎక్కడైనా ఒకటే కాబోలు.

రెండవ రాయి

ఇక రెండవ రాయి సంగతి. నా విభాగంలో ఒక సహోద్యోగి ఉండేవారు. నాకంటె వయసులో రెండేళ్ళు చిన్న. భార్యను తీసుకుని కాశీ, ప్రయాగ వెళ్ళిరావాలని పది రోజుల సెలవు అడిగారు. ఆ సమయంలో మాకు వార్షిక మరమ్మతులు. ‘పని ఒత్తిడి దృష్ట్యా ప్రస్తుతం మంజూరు చేయలేము’ అని రాసి సంతకం చేసినది నేనే. మరుసటి ఏడాది మళ్ళీ అడిగారు. సంవత్సరాంతపు లెక్కలు. మళ్ళీ అదే వాక్యం, అదే సంతకం. ఆయన ఏమీ అనలేదు. “పరవాలేదు సార్, రిటైరయ్యాక వెళతాము” అన్నారు. విరమణకు పద్నాలుగు నెలల ముందు ఒక రాత్రి గుండెపోటుతో పోయారు. ఆయన భార్యకు చెల్లించవలసిన మొత్తాల పట్టిక నా బల్లమీదికే వచ్చింది. అందులో ‘నిలవ ఉన్న ఆర్జిత సెలవు: 300 రోజులు’ అని ఉన్నది. ఆ పట్టిక మీద కూడా సంతకం నాదే.

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం సాయంత్రం నెకార్ ఒడ్డు పచ్చికమీద కూర్చుని మా శ్రీమతికి చెప్పాను. చుట్టూ జనం. ఏ పనీ లేకుండా గడ్డిమీద వెల్లకిలా పడుకున్నవారు, పుస్తకం చదువుకునేవారు, బాతులకు దారి ఇస్తూ నడిచే ముసలివారు. ఎవరూ ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన తొందరలో లేరు. పడమటి దిక్కున మైదానం మీదికి సూర్యుడు దిగుతుంటే కోట గోడలు ఇంకొంచెం ఎర్రబడ్డాయి. ఆవిడ చాలాసేపు మౌనంగా ఉన్నది. తరువాత, “ఆయన లేకపోయినా ఆవిడ ఉన్నది కదండీ. మనం కాశీ వెళ్ళేటప్పుడు ఆవిడను కూడా రమ్మని అడుగుదాము” అన్నది.

మిగిలిన రెండు రోజులూ మేము చూసినవి ఏమీ లేవు. పొద్దున ఒడ్డున నడిచాము. మధ్యాహ్నం నిద్రపోయాము. సాయంత్రం లాకుల దగ్గర పడవలు లెక్కపెట్టాము. ముప్పై నాలుగేళ్ళలో నేను నిజంగా సెలవులో ఉన్నవి ఆ రెండు రోజులేననిపించింది.

మిత్రులారా! హైడెల్‌బర్గ్ వెళ్ళమని నేను చెప్పడం లేదు. అంత దూరమూ, అంత ఖర్చూ అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. మనకు గోదావరి లేదా, కృష్ణ లేదా, ఏ మేనత్త ఇంటి పెరడో లేదా? అధికారులకు నాదొక మనవి. మీ బల్లమీద ఉన్న సెలవు అర్జీని తిరస్కరించే ముందు, మరమ్మతులు వచ్చే ఏడాది కూడా వస్తాయని ఒక్క క్షణం గుర్తు చేసుకోండి. ఉద్యోగులకు మరొక మనవి. సెలవు సొమ్ముకు మీ ఇంట్లో సగం హక్కుదారులున్నారు. వారిని అడిగి దాచుకోండి.

కార్తికమాసంలో మేము కాశీ వెళ్ళివచ్చాము. ముగ్గురమూ. ఆ సంగతులు మరొకసారి.

ఇక సెలవు.